ముందు బొటనవేళ్లు చూస్తాను

హోస్ట్: నమస్కారం. పిల్లల రక్తవ్యాధుల డాక్టర్ గారు ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, ఫాంకోని అనీమియా అన్న పేరే చాలామంది విని ఉండరు.

డాక్టర్: అవునండీ. మామూలు రక్తహీనత అనుకుని నెలల తరబడి ఐరన్ సిరప్ తాగిస్తుంటారు. కానీ ఇందులో రక్తం తయారుచేసే ఎముక మూలుగే మెల్లగా ఎండిపోతుంది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి.

హోస్ట్: పిల్లల్ని చూసి గుర్తుపట్టగలరా?

డాక్టర్: నేనైతే ముందు చేతులు చూస్తాను. బొటనవేలు మరీ చిన్నగా ఉండటం, ఒక్కోసారి అసలు లేకపోవడం, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం. ఇవేవీ లేని పిల్లలూ ఉంటారు. అందుకే క్రోమోజోములు విరుగుతున్నాయేమో చూసే రక్తపరీక్ష చేయించకుండా మూలకణాల మార్పిడికి, అంటే పాడైన మూలుగ స్థానంలో రక్తాన్ని పుట్టించే కొత్త కణాలు ఎక్కించే వైద్యానికి, వెళ్లొద్దంటాను.

హోస్ట్: అంత గట్టిగా ఎందుకు చెబుతున్నారు?

డాక్టర్: మార్పిడికి ముందు పాత మూలుగను ఖాళీ చేయడానికి కీమో ఇస్తాం. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి ఈ పిల్లల కణాలకు ఉండదు. అందరికిచ్చే మోతాదే ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. మోతాదు బాగా తగ్గించి దారి చూపింది పారిస్ సెయింట్ లూయీ ఆసుపత్రి డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మాన్. 1988 అక్టోబరులో అమెరికా నుంచి అయిదేళ్ల బాబును ఆవిడ దగ్గరికే తీసుకెళ్లారు. అంతకుముందే, అమ్మ కడుపులో ఉన్న చెల్లికి ఈ జబ్బు లేదని, ఆమె కణాలు అన్నకు సరిపోతాయని, అంటే మ్యాచ్ అవుతాయని కాన్పుకు ముందే తేలింది. పాప పుట్టగానే, మాయతోపాటు పారేసే బొడ్డుతాడు రక్తాన్ని పట్టారు. అందులోనూ మూలకణాలుంటాయి. ఇండియానాపొలిస్‌లో హాల్ బ్రాక్స్‌మేయర్ బృందం దాన్ని అతిశీతలంలో భద్రపరిచింది. దాన్నే పారిస్‌లో బాబుకు ఎక్కించారు. ప్రపంచంలో మొట్టమొదటి బొడ్డుతాడు రక్త మార్పిడి అదే. ఆ బాబు పెద్దవాడయ్యాడు.

హోస్ట్: వింటుంటేనే ఒళ్లు పులకరిస్తోంది మేడమ్. మార్పిడి అంటే పెద్ద ఆపరేషనని తల్లిదండ్రులు టెన్షన్ పడతారు కదా?

డాక్టర్: ఆపరేషనే కాదండీ. ఒక చిన్న సంచి, ఒక గొట్టం, రక్తం ఎక్కించినట్టే. శీతలంలో దాచిన కణాలైతే, వాటిలో కలిపిన మందు బిడ్డ ఊపిరిలోంచి బయటికొచ్చి గదంతా వెల్లుల్లి వాసన కొడుతుంది. అసలు కష్టం ఆ తర్వాతే. కొత్త కణాలు మూలుగలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. పొద్దున్నే రిపోర్టులో తెల్లకణాల లెక్క కోసం అమ్మానాన్నలు తలుపు వైపే చూస్తూ కూర్చుంటారు.

హోస్ట్: మేనరికం వల్లే వచ్చిందని కోడలిని దెప్పేవాళ్లుంటారు.

డాక్టర్: ఉంటారు, అది చాలా అన్యాయం. దాదాపు ఎప్పుడూ ఇద్దరి దగ్గర్నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. మేనరికంలో ఆ అవకాశం పెరిగే మాట నిజమే. కానీ తల్లినే అనడమేంటి? ఇంకో మాట. తోబుట్టువు మ్యాచ్ అయ్యే అవకాశం 25 శాతం. మ్యాచ్ అయినా, పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా, ఆ బిడ్డకూ ఈ జబ్బు ఉందేమో పరీక్షించాకే కణాలు తీసుకోవాలి.

హోస్ట్: మార్పిడితో మొత్తం నయమైనట్టేనా?

డాక్టర్: రక్తం బాగుపడుతుంది. మిగతా ఒంటికి ఆ లోపం అలాగే ఉంటుంది. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి జీవితాంతం నోరు చూపించుకుంటూ ఉండాలి. పొగ కూడా తగలకూడదు. అందుకే బిడ్డ వార్డులో ఉండగానే నాన్న చేత, తాతయ్య చేత సిగరెట్ మాన్పించే పని మొదలుపెడతాను.