షట్‌డౌన్ కొడితే కంప్యూటర్ ఆగినట్టేనా?

పోయిన నెల నెల్లూరు పక్కన ఒక రైస్‌మిల్లు వాళ్లు పిలిచారు, ఆఫీసులో కంప్యూటర్ మరీ నత్తనడక నడుస్తోందని. బిల్లులు కొట్టే పెద్దాయన నన్ను చూడగానే మొదలుపెట్టాడు. "ఏమబ్బా, ఆపకుండా వదిలేస్తున్నావా అని మాత్రం అడగొద్దు. రోజూ సాయంత్రం షట్‌డౌన్ కొట్టే ఇంటికి పోతా."

సరేనని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్ వచ్చింది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ నొక్కితే కింద అప్‌టైమ్ అని కనబడుతుంది, అంటే కంప్యూటర్ పూర్తిగా ఆగకుండా ఎన్నాళ్లుగా నడుస్తోందో ఆ లెక్క. ఎంతుందో తెలుసా? 41 రోజులు!

ఆయన అబద్ధమేమీ ఆడలేదు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ గుండెకాయ మాత్రం తన పరిస్థితిని ఉన్నదున్నట్టు డిస్కులో రాసిపెట్టుకుంటుంది. పొద్దున్నే దాన్నే మళ్లీ తెరుస్తుంది. అందుకే త్వరగా లేస్తుంది, నిన్నటి చికాకులతోనే లేస్తుంది. విచిత్రం ఏమిటంటే, రీస్టార్ట్ కొడితే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టినా అంతే. ఆ మిల్లులో నేను చేసిన మొదటి పని రీస్టార్ట్. సగం జబ్బు దాంతోనే పోయింది. డబ్బులు అడగడానికి మొహమాటం వేసిందనుకోండి, అది వేరే విషయం.

ఇక "మాటిమాటికీ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాడైపోతుంది" అనే మాట. ఇది మరీ ఉత్తదేం కాదు, పాతది. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, అంటే బల్బుల్లా వేడెక్కే గాజు గొట్టాలుండేవి. అవి ఎక్కువగా వేడెక్కేటప్పుడో చల్లారేటప్పుడో పోయేవి. అందుకని దాన్ని ఆపడానికే భయపడేవాళ్లు. మన బల్ల మీద ఉన్నది ఎనియాక్ కాదు కదా! మామూలు హార్డ్‌డిస్క్ కూడా 50 వేల సార్లు ఆగి తిరిగేటట్టు తయారవుతుంది. రోజుకు పదిసార్లు ఆపినా పదమూడేళ్లు పడుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో హార్డ్‌డిస్క్ బదులు వచ్చే ఎస్ఎస్‌డీకి తిరిగే భాగమే లేదు.

కరెంటు లెక్క చూద్దాం. డెస్క్‌టాప్ పనేమీ లేకుండా ఊరికే ఉన్నా 60 వాట్లు తాగుతుందనుకోండి. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా 14 గంటలు. నెలకు పాతిక యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా 150. కృష్ణపట్నం పక్కనే థర్మల్ కేంద్రం ఉందని మనకెవరూ ఊరికే ఇవ్వరు. టీ తాగొచ్చేలోపు అయితే స్లీప్ చాలు, అంటే తెరిచిన పనిని అలాగే పట్టుకుని కునుకు తీయడం, రెండు మూడు వాట్లతో సరిపోతుంది. కాకపోతే స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే సేవ్ చేయని పని గోవిందా. యూపీఎస్ లేకపోతే హైబర్నేట్ పెట్టుకోండి, అది పనిని డిస్కులో దాచి ఆగిపోతుంది.

నన్నడిగితే, మన దగ్గర రాత్రిపూట ఆపడానికి అసలు కారణం బిల్లు కాదు, వేడీ దుమ్మూ పిడుగూ. రోహిణి కార్తెలో మూసేసిన గదిలో రాత్రంతా పెట్టి ఉంచారనుకోండి, లోపల కెపాసిటర్లు, అంటే కరెంటును నిలకడగా ఉంచే చిన్న భాగాలు, ఉడుకుతుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని మా పనిలో ఒక అంచనా. ఫ్యాను తిరిగినంతసేపూ దుమ్ము లాగుతుంది. ఆ మిల్లు డబ్బా విప్పితే లోపల తౌడు, గుప్పెడు! ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు సరేసరి. ఉరుము వినబడితే షట్‌డౌన్ ఒక్కటే చాలదు. ప్లగ్ పీకండి, దాంతోపాటు నెట్ కేబుల్ కూడా. దగ్గరలో పిడుగు పడితే యూపీఎస్ అడ్డుకోలేదు.

పెద్దాయనకీ ఇదే చెప్పాను. తు.చ. తప్పకుండా రోజూ ప్లగ్ పీకాడు. వారానికే ఫోన్. "ఏందబ్బా ఇది, బిల్లుల మీద 2009 జనవరి అని పడుతోంది!"

తప్పు నాదే. ప్లగ్ పెట్టి ఉన్నంతకాలం లోపలి గడియారం ఆ కరెంటు మీదే నడుస్తుంది. పీకితే మదర్‌బోర్డు మీదుండే బిళ్ల బ్యాటరీ మీద పడుతుంది. అది ఎప్పుడో చచ్చి ఉంది. సీఆర్ 2032 అని అడిగితే ఏ వాచీల కొట్లో అయినా ఇస్తారు. వెళ్లి వేసొచ్చాను, ఈసారీ డబ్బులు అడగలేదు.