పాత గేర్ల సైకిల్: షాపుకిద్దామా, బయట అమ్ముదామా?

శ్రోతలకు నమస్కారం.

కడపలో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి దిగినా, ఏ మిద్దె మెట్ల కిందికి తొంగి చూసినా ఒక గేర్ల సైకిల్ కనబడుతుంది. లావు టైర్లు, ముందర షాకప్‌లు, దుమ్ము పట్టిన సీటు. 2020లో జిమ్ములు మూతబడి ఉన్న రోజుల్లో దేశమంతటా సైకిళ్లకు గిరాకీ పెరిగింది. మన ఊళ్లోనూ అప్పుడు పిల్లలకో, తమకో కొన్నవాళ్లు చాలామందే. ఆ పిల్లలు ఇప్పుడు పొడుగయ్యారు, సైకిల్ పొట్టిదైపోయింది. కొందరికి తొక్కడం బాగా అలవాటై ఇంకా మంచిది కావాలనిపిస్తోంది. అలాంటివాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటే: పాతది షాపులో ఇచ్చేసి పైన డబ్బు కట్టి కొత్తది తెచ్చుకుందామా, లేక మనమే ఎవరికైనా అమ్ముకుందామా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. సైకిల్ మంచిదైతే, మీకు రెండు మూడు వారాల ఓపిక ఉంటే బయటే అమ్మండి. కానీ అంతకన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. షాపుకు వెళ్లినప్పుడు పాత సైకిల్ ఊసే ఎత్తకండి. కొత్తది నగదుకు ఎంతకిస్తారో అడగండి. ఆ బేరం పూర్తిగా తెగాక, అప్పుడు మెల్లగా, ‘ఇంట్లో పాతదొకటి ఉంది, దానికేం కడతారు’ అనండి.

ఎందుకంటారా? లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. కొత్త సైకిల్ మీద 30 వేలని చీటీ ఉంది. మీ పాతదానికి 8 వేలు పట్టుకుంటాం, 22 వేలు కట్టి తీసుకెళ్లండి అంటారు. వినడానికి బాగుంటుంది. పాత సైకిల్ ఏదీ లేకుండా వచ్చి గట్టిగా బేరమాడిన మనిషికి అదే సైకిల్ 27 వేలకు ఇస్తారనుకోండి. అంటే మీకు ఎక్స్‌ఛేంజ్ పేరుతో చూపిన 8 వేలల్లో 3 వేలు ఎలాగూ మీకు రావాల్సిన తగ్గింపే. మీ సైకిల్‌కు వాళ్లు కట్టింది 5 వేలు. రెండు బేరాలూ కలిపి ఒకేసారి ఆడితే ఈ సంగతి బయటపడదు.

ఇందులో షాపువాళ్లను తప్పుబట్టడానికేం లేదు. పాత సైకిల్ తీసుకున్నాక చైను మార్చాలి, కేబుళ్లు మార్చాలి, రిమ్ము బెండు తీయించాలి, కడిగి మెరిపించాలి. కొనేవాడు వచ్చేదాకా అది అంగట్లో చోటు ఆక్రమించుకుని ఉంటుంది. వారం తర్వాత గేరు పడటం లేదని కొన్నవాడు వెనక్కి తెస్తే సమాధానం చెప్పుకోవాలి. ఇవన్నీ పోనూ నాలుగు రూపాయలు మిగలాలి. కాబట్టి మీరు బయట పదికి అమ్మగలిగే సైకిల్‌కు షాపు అయిదో ఆరో అంటే అన్యాయం కాదు. ఆ తేడా ఆ చాకిరీకి కూలి. అది మీరే చేసుకుంటే ఆ కూలి మీకు మిగులుతుంది, అంతే.

పన్ను విషయంలోనూ ఒక భ్రమ ఉంది. పాతది ఇస్తే మిగతా సొమ్ముకే జీఎస్టీ పడుతుందని కొందరనుకుంటారు. అలా కాదు. జీఎస్టీ నిబంధనల్లోనే ఫోను ఉదాహరణ ఇచ్చారు: మామూలుగా 24 వేలు పలికే కొత్త ఫోనును, పాతది తీసుకుని 20 వేలకు ఇచ్చినా, పన్ను లెక్కకు దాని విలువ 24 వేలే. సైకిల్‌కూ ఇదే వర్తిస్తుంది. పాత బిల్లు చూసి ధర కట్టుకోవడం కూడా ఇప్పుడు కుదరదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక 25 వేలుండే సైకిల్ అంతకుముందు 28 వేలయ్యేది, ఇప్పుడు 26,250 అవుతుంది. మీ దగ్గర కొనబోయేవాడు మీ పాత బిల్లుతో పోల్చుకోడు, ఈరోజు కొత్తది ఎంతకొస్తుందో దానితో పోల్చుకుంటాడు. మీరూ అక్కణ్ణుంచే లెక్క మొదలుపెట్టండి.

ఇక కొనేవాళ్లెవరు? మామూలు సైకిలైతే పాలవాళ్ల నుంచి బడిపిల్లల దాకా ఎవరైనా తీసుకుంటారు. గేర్ల సైకిల్ అలా కాదు. చక్రం 26 అంగుళాలా, 27.5 అంగుళాలా, 29 అంగుళాలా, ఫ్రేము చిన్నదా పెద్దదా అన్నది మనిషి ఎత్తుకు తగ్గట్టు ఉండాలి. అయిదున్నర అడుగుల మనిషికి సరిపోయింది ఆరడుగుల మనిషికి మోకాళ్ల నొప్పి తెస్తుంది. అందుకే కొనేవాళ్లు కొద్దిమందే ఉంటారు. కానీ కడప లాంటి ఊళ్లో ఆ కొద్దిమందీ ఒకరికొకరు తెలిసినవాళ్లే. తెల్లవారుజామున పాలకొండల వైపు వెళ్లేవాళ్లు, గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పాలకోవా తిని దిగేవాళ్లు, సెలవు రోజున గండికోట దాకా పోవాలని ఉబలాటపడే యోగి వేమన యూనివర్సిటీ పిల్లలు. వీళ్లంతా గేర్లు సరిచేయించుకోవడానికి వెళ్లే మెకానిక్కులు ఊళ్లో ఎందరో ఉండరు. ఆ మెకానిక్కు చెవిన ఒక మాట వేయండి. ఫోనులో ప్రకటన పెట్టడం కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. అమ్మిపెడితే ఆయనకేదైనా ఇవ్వండి, అది ధర్మం.

అమ్మే ముందు సైకిల్‌ను మీరే పరీక్షించుకోవాలి. అన్నిటికన్నా ముందు చైను. స్కూలు పిల్లల స్కేలు చాలు, ఒక అడుగుది. గేర్ల చైనులో ఒక పిన్నుకూ తర్వాతి పిన్నుకూ మధ్య సరిగ్గా అర అంగుళం ఉంటుంది. పెడలును కాస్త నొక్కిపట్టి చైను బిగువుగా ఉండేలా చూసుకుని, ఒక పిన్ను నడిమధ్యన స్కేలు సున్నా పెట్టండి. అక్కణ్ణుంచి 24వ పిన్ను నడిమధ్య సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటే చైను కొత్తదానిలాగే ఉన్నట్టు. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు అవతల ఉంటే చైను మార్చే సమయం వచ్చింది. ఎనిమిదో వంతు అవతలికి పోతే, ఆ సాగిన చైను వెనకాల గేరు పళ్లను కూడా తినేసి ఉంటుంది. కొత్త చైను ఒక్కటే వేస్తే ఆ అరిగిన పళ్ల మీద జారుతుంది, రెండూ మార్చక తప్పదు. ఈ ఒక్క కొలతతో కొనేవాడు మీ ధరలో ఎంత కోస్తాడో మీకు ముందే తెలిసిపోతుంది.

తర్వాత టైర్లు. మన సీమలో దారి పక్కన పల్లేరు కాయలుంటాయి కదా, చిన్నప్పుడు చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు బాగా తెలుసు. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అది టైరులో దిగి మొన విరిగి లోపలే ఉండిపోతుంది, గాలి మాత్రం రెండు మూడు రోజులకోసారి తగ్గుతుంది. కొనేవాడు చూడటానికి వచ్చిన పొద్దున టైరు మెత్తగా ఉంటే బేరం అక్కడే సగం పోయినట్టు. టైరు విప్పి లోపలి వైపు వేలికి గుడ్డ చుట్టుకుని మెల్లగా తడిమి ముళ్లు తీయించండి. ఎండలో నిలబెట్టిన సైకిలైతే టైరు పక్కగోడల మీద సన్నటి పగుళ్లు కూడా చూడండి. కడప ఎండకు రబ్బరు త్వరగా ఎండిపోతుంది.

ముందరి షాకప్ గొట్టాల మీద తుప్పు మచ్చ గానీ గీత గానీ ఉందేమో చూడండి. ఉంటే అది పైకీ కిందికీ ఆడినప్పుడల్లా, లోపలికి దుమ్ము పోకుండా ఆపే రబ్బరు సీలును కోస్తుంది. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను కిందికి నొక్కి వదలండి, మెత్తగా పైకి రావాలి. ఫ్రేములో గొట్టాలు కలిసే అతుకుల దగ్గర పగులు కనిపిస్తే ఆ సైకిల్‌ను ఎవరికీ తొక్కడానికి అమ్మకండి. ఘాట్ దిగేటప్పుడు అది విరిగితే మనిషి దక్కడు.

ఏది బాగుచేయించాలి, ఏది వదిలేయాలి? చైను, కేబుళ్లు, బ్రేకు ప్యాడ్లు మార్చండి, ఆ డబ్బు ధరలో తిరిగి వస్తుంది. షాకప్ మార్చే ఖర్చు మాత్రం తిరిగి రాదు. ఉన్నదున్నట్టు చెప్పి, ఆ మేరకు ధర తగ్గించండి. దాచి అమ్మితే రెండో రోజే తెలిసిపోతుంది, ఊరు చిన్నది. పైగా కొనేది సాధారణంగా చదువుకునే పిల్లవాడు, వాళ్ల నాయన దగ్గర ఎంతో బతిమాలి డబ్బు తెచ్చుకుని ఉంటాడు.

‘అన్నా, లాస్ట్ ఎంతకిస్తావు?’ అని సైకిల్ చూడకముందే ఫోనులో అడిగేవాళ్లుంటారు. ‘వచ్చి చూడు తమ్ముడూ, తొక్కి చూడు, తర్వాత మాట్లాడుకుందాం’ అనండి. నిజంగా కావాల్సినవాడు వస్తాడు. తొక్కడానికి ఇచ్చేటప్పుడు అతను వచ్చిన బండి తాళం మీ చేతిలో ఉండనివ్వండి. మొహమాటపడొద్దు, అర్థం చేసుకుంటారు.

సైకిల్ చూడకుండానే అడిగినంతా ఇస్తానని, ముందే డబ్బు పంపుతానని అనేవాళ్లతో జాగ్రత్త. తాను సైన్యంలో ఉన్నానని చెప్పి, ఒక క్యూఆర్ కోడ్ పంపి, దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బు పడుతుందంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు పోతున్నట్టే. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డబ్బు చేతికొచ్చాక ఒక తెల్లకాగితం రాసుకోండి. మోటారు బండికున్నట్టు సైకిల్‌కు ఆర్సీ ఉండదు. పాత బిల్లు, ఈ కాగితం, ఇవే ఆధారం. సాధారణంగా పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున, సైకిల్ తిరగేస్తే, ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు, తేదీ, ధర, ఇద్దరి పేర్లు, సంతకాలు. ఇది కొనేవాడికీ రక్షణే. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

ఇంత చెప్పినా, షాపుకివ్వడమే మేలైన సందర్భాలున్నాయి. ముందూ వెనకా స్ప్రింగులున్న చవక రకం బరువు సైకిళ్లకు బయట గిరాకీ తక్కువ, షాపు ఎంత కట్టినా పుచ్చుకోండి. ఉద్యోగం బదిలీ అయి వారంలో ఊరు వదలాల్సినవాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంటికి రావడం ఇష్టంలేని ఆడవాళ్లు, వృద్ధులు కూడా అంతే. షాపు ఇచ్చే తక్కువ ధరలో వాళ్లకు నెమ్మది దొరుకుతుంది, దానికీ విలువుంది.

ఈ రెంటికీ మధ్య ఇంకో దారి కూడా ఉంది. సైకిల్ మీదిగానే ఉంచి, అమ్మిపెట్టమని షాపులో నిలబెట్టడం. అందరూ ఒప్పుకోరు గానీ, తెలిసిన షాపైతే అడిగి చూడండి. మీకు తక్కువలో తక్కువ ఎంత రావాలో, వాళ్ల కమీషను ఎంతో, ఎన్నాళ్లు ఉంచుతారో, ఆ లోపల పోయినా దెబ్బతిన్నా ఎవరు భరించాలో ముందే కాగితం మీద రాయించుకోండి. గడువు తేదీ కూడా రాయండి. ఆ రోజుకు అమ్ముడుపోకపోతే వెళ్లి సైకిల్ తెచ్చేసుకోండి.

సెలవు. నమస్కారం.