పచ్చి సోయా గింజల పచ్చడి

నమస్కారం. సోయా అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది మీల్ మేకర్. నానబెట్టి, నీళ్లు పిండి, కూరలో పడేసే ఆ స్పాంజి ముక్కలు నచ్చక సోయాకే దండం పెట్టేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

అదే గింజను ముదరక ముందు, కాయ పచ్చగా ఉండగానే కోస్తే రుచే వేరు. జపాన్‌లో దాన్ని ఎడమామె అంటారు, కాయలతోనే ఉప్పు వేసి ఉడికించి బీరు పక్కన పెట్టుకుని ఒలుచుకు తింటారు, మనం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిన్నట్టే. అక్కడే సెందాయ్ నగరం వైపు దాన్ని దంచి, చక్కెర కలిపి, జుండా అనే తీపి ముద్ద చేస్తారు. అమెరికాలోనేమో హమ్మస్‌లో, అంటే ఉడికిన శనగలు రుబ్బి చేసే అరబ్బుల పచ్చడిలో, శనగలకు బదులు ఇవి వేసి డిప్ అంటున్నారు. పేరు ఏదైనా, ముంచుకు తినే పచ్చడే కదా!

ఒలిచిన గింజలు పెద్ద సూపర్‌మార్కెట్లలో ఫ్రీజర్లో దొరుకుతాయి. 2 కప్పులు తీసుకుని మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉడికించి, వెంటనే చన్నీళ్లలో వేస్తే ఆ ఆకుపచ్చ రంగు నిలుస్తుంది. వేయించిన నువ్వులు, రెండు వెల్లుల్లి రెబ్బలు, నిమ్మరసం, ఉప్పు, కాస్త నూనె వేసి మెత్తగా రుబ్బడమే. నేను పచ్చిమిర్చి కూడా వేస్తాను, లేకపోతే నాకు చప్పగా అనిపిస్తుంది.

ఉడికించకుండా మాత్రం రుబ్బొద్దు. సోయాలో ఒక ఎంజైమ్ ఉంటుంది, గింజ నలగగానే పసరు వాసన పుట్టించేది అదే, ఉడికిస్తే పని చేయదు. ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం కూడా వేడికి చాలావరకు పోతుంది.

ఉడికిన గింజలు 100 గ్రాములు తింటే సుమారు 11 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల పీచు వస్తాయి. అంతే తూకం ఉడికిన కందిపప్పులో ప్రొటీన్ 7 గ్రాముల లోపే. ఫోలేట్ అనే బి విటమిన్ కూడా బాగా ఉంటుంది. అయితే రెండు చెంచాల డిప్‌తో వచ్చే ప్రొటీన్ 3 గ్రాములు మించదు, పైగా దాన్ని చిప్స్‌తో లాగించేస్తే లాభమంతా ఉప్పూ నూనెల్లో కొట్టుకుపోతుంది. కీరా ముక్కలో, క్యారెట్టో ముంచుకోండి.

సోయా ఎలర్జీ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ దీనికీ ఎంత ఎడం ఉండాలో డాక్టర్ని అడగండి.

మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున దోసెలోకి వేసుకున్నాం. అల్లప్పచ్చడి గిన్నె ఆ పూట ఎవరూ ముట్టుకోలేదు.