"ఖాళీగా ఉంది" అంటే ఏ గడిలో రాయాలి?

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: అర్థశాస్త్రం ప్రొఫెసర్, గణాంక శాఖలో పనిచేసి రిటైరైన అధికారి, సర్వే డ్యూటీలు చేసిన ప్రభుత్వ టీచర్.)

యాంకర్: నమస్కారం. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ఇంటింటి సర్వే వివరాలు వచ్చాక టీవీలన్నీ శాతాల చుట్టూనే తిరిగాయి. ముస్లిం బీసీలను పక్కన పెడితే బీసీలు 46.25, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. ఎవరు ఎంతమందో తెలిసింది. ఎవరు ఎంత ముందుకొచ్చారో తెలిసిందా? సార్, మీతో మొదలుపెడదాం.

రిటైర్డ్ అధికారి: తలల లెక్క వేరు, బతుకు లెక్క వేరండీ. మనకు తలల లెక్కే ఎప్పుడూ సరిగ్గా లేదు. దేశమంతటా అన్ని కులాలనూ లెక్కపెట్టి ప్రచురించింది చివరిసారి 1931లోనే. బీసీల కోసం వేసిన మండల్ కమిషన్‌కు కూడా ఆ పాత పుస్తకాలే దిక్కయ్యాయి. 2011లో సామాజిక ఆర్థిక కుల గణన చేశారు, కులాల వివరాలు బయటపెట్టలేదు. 2014 ఆగస్టు 19 గుర్తుందా? ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే. ముంబయి, భివండి, సూరత్ నుంచి బస్సులు పట్టుకుని మరీ ఊళ్లకొచ్చారు జనం.

యాంకర్: అవును, రోడ్లన్నీ ఖాళీ ఆ రోజు.

రిటైర్డ్ అధికారి: కర్ఫ్యూలా ఉండేది. అంత కష్టపడి వచ్చినవాళ్లకు మా కులం ఎక్కడుంది అన్న జవాబు మాత్రం దొరకలేదు.

యాంకర్: మేడమ్, చదువు సంగతి చూద్దాం. ఏ లెక్క చూస్తే తెలుస్తుంది?

ప్రొఫెసర్: అక్షరాస్యత మాత్రం చూడొద్దు. జనాభా లెక్కల్లో ఎవరికీ పరీక్ష పెట్టరు. ఏడేళ్లు దాటిన వాళ్లందరి గురించీ ఇంట్లో ఒకరు చెప్తారు, "వచ్చు" అంటే వచ్చినట్టే. కాలేజీ చేరికలు కొంత నయం. 18 నుంచి 23 ఏళ్ల వాళ్లు ఎంతమంది ఉన్నారో, అలాంటి ప్రతి వందమందికి కాలేజీల్లో, ఏ వయసు వాళ్లవైనా సరే, ఎన్ని పేర్లున్నాయో చూస్తారు. కేంద్ర ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2014-15లో అందరికీ కలిపి 23.7. ఎస్సీలకు 18.9, ఎస్టీలకు 13.5. 2021-22కి వచ్చేసరికి 28.4, 25.9, 21.2.

యాంకర్: అంటే అందరూ పెరిగారు.

ప్రొఫెసర్: అక్కడే పొరపడతాం. అందరూ పెరుగుతున్నప్పుడు నేనూ పెరిగానంటే చెప్పుకోవడానికేముంది? ఎడం చూడాలి. ఎస్సీలకు సగటుతో ఎడం 4.8 నుంచి 2.5కి తగ్గింది, అది నిజంగా మార్పే. ఎస్టీలకు 10.2 నుంచి 7.2. తగ్గింది కానీ ఇంకా చాలా ఉంది. ఇంకో సంగతి, ఆ సగటులో ఎస్సీలు, ఎస్టీలు కూడా ఉన్నారు. వాళ్లను తీసేసి మిగతావాళ్లతో పోలిస్తే ఎడం ఇంకా పెద్దదే.

టీచర్: మేడమ్, పేరుండటం వేరు, పూర్తిచేయడం వేరు కదా. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మా పిల్లలు బీటెక్‌లో బాగా చేరారు. కాదనను. కానీ బకాయి రాలేదని సర్టిఫికెట్లు కాలేజీలోనే ఆగిపోయిన పిల్లలను నేను చూశాను. మీ లెక్కలో వాడు గ్రాడ్యుయేట్. ఇంటర్వ్యూకు వెళ్తే వాడి దగ్గర జిరాక్స్ కూడా లేదు.

ప్రొఫెసర్: నిజమే మాస్టారూ, చేరికల లెక్కలో అది కనపడదు.

రిటైర్డ్ అధికారి: "ఎస్సీలు" అని ఒకే గంపలో వేయడం మీద కూడా మాట్లాడాలి. 59 కులాలండీ! మాదిగ దండోరా ముప్పై ఏళ్లు అడిగింది ఇదే కదా, గంపలో ఎవరి చేతికి ఎంత అందుతోందో చూడండని. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ రిజర్వేషన్లను ఏ, బీ, సీ, డీ అని విడదీశారు, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచ్ 6-1తో సరేనంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి మూడు గ్రూపులు. 15 కులాలకు 1 శాతం రిజర్వేషన్, 18 కులాలకు 9, 26 కులాలకు 5. ఆ గీతలు సరైన చోట గీశారా లేదా అన్న గొడవ నడుస్తూనే ఉంది. అయినా కులం కులానికీ చదువు, ఉద్యోగం విడిగా చూడక తప్పని పరిస్థితి వచ్చింది, నాకు అదే ముఖ్యం.

యాంకర్: ఉద్యోగాలకొద్దాం. ఇక్కడ లెక్క తేలిక కదా? ఉద్యోగం ఉందా, లేదా?

ప్రొఫెసర్: (నవ్వుతూ) అదే కష్టం. ప్రభుత్వ శ్రామిక సర్వేలో వారం లెక్కన చూస్తే, ఆ వారంలో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా కూర్చున్న కొడుకు కూడా ఉపాధి ఉన్నవాడే. పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు, ఏదో ఒకటి చేస్తాడు. కాబట్టి బాగా వెనకబడ్డ కులంలో నిరుద్యోగం తక్కువ కనిపిస్తుంది. చదువుకున్నాక పిల్లలు తగిన ఉద్యోగం కోసం ఆగుతారు, కోచింగ్‌లకు వెళ్తారు. నిరుద్యోగం పెరుగుతుంది!

యాంకర్: అంటే బాగుపడుతుంటే లెక్కలో చెడిపోయినట్టు కనిపిస్తుందా?

ప్రొఫెసర్: కొంతకాలం అంతే. ఆడపిల్లల విషయంలో మరీను. పత్తి ఏరడానికి వెళ్లే పద్దెనిమిదేళ్ల అమ్మాయి శ్రామికురాలు. అదే అమ్మాయి డిగ్రీలో చేరితే శ్రామికుల లెక్కలోంచే వెళ్లిపోతుంది.

రిటైర్డ్ అధికారి: ముస్లింల పరిస్థితి మీద వేసిన సచార్ కమిటీ 2006లో వాటా పద్ధతి పట్టుకుంది. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం, ఐఏఎస్‌లో 3 శాతం. గుండెకు గుచ్చుకునే లెక్క అది. సర్కారు ఉద్యోగానికి జీతాల పట్టీ ఉంటుంది, లెక్క దొరుకుతుంది. ఔట్‌సోర్సింగ్ వచ్చాక మనుషులు ఆ పట్టీలోంచి మాయమయ్యారు. ఒకవేళ చేర్చినా, పారిశుద్ధ్య కార్మికులను కలిపేస్తే కొన్ని కులాల వాటా ఆకాశానికి వెళ్తుంది. చూశారా, ఎంత ఉద్యోగాలో అంటారు! ఏ మెట్టు మీదున్నారో చూడకుండా వాటా చెప్తే మోసపోతాం.

యాంకర్: మాస్టారూ, మీరు ఫారం పట్టుకుని ఇళ్లకు తిరిగారు. అక్కడ ఎలా ఉంటుంది?

టీచర్: ఏ సర్వే అన్నది వదిలేద్దామండీ. ఒక ఇంటికి వెళ్లాను. అరుగు మీద నాయనమ్మ ఉంది, మిగతావాళ్లు కూలికి పోయారు. "మనవడేం చేస్తాడమ్మా" అంటే "హైద్రాబాద్‌లో ప్రైవేట్ జాబ్" అంది గర్వంగా. ఫోన్ చేయించాను. బీటెక్ చదివాడు, బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. "సార్, నానమ్మకు చెప్పకండి" అన్నాడు. నేనేం రాయాలి? ప్రైవేట్ ఉద్యోగం అని రాశాను. అబద్ధం కాదు.

యాంకర్: మనవరాలు?

టీచర్: లోపల మిషన్ చప్పుడవుతోంది. "పిల్ల ఖాళీగానే ఉంది సారూ" అంది ముసలమ్మ. బీఎస్సీ, బీఈడీ చేసిన పిల్ల. డీఎస్సీకి చదువుకుంటూ వాడకట్టు జాకెట్లన్నీ కుడుతోంది. సాయంత్రం పది మందికి ట్యూషన్. ఇంటికి కరెంటు బిల్లు ఆ పిల్లే కడుతోంది. ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం ఖాళీ.

ప్రొఫెసర్: మీరు కుట్టుపని అని రాయాల్సింది.

టీచర్: రాయబోయాను. ఆ పిల్లే బయటికొచ్చి ఆపింది. టైలర్ అని రాస్తే రేపు టీచర్ పోస్టుకు అడ్డమొస్తుందేమోనని టెన్షన్. రాదని చెప్పాను, నమ్మలేదు. చివరికి గడిలో నిరుద్యోగి అని రాసి, పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో కుట్టుపని, ట్యూషన్ అని రాశాను.

యాంకర్: అది కంప్యూటర్లోకి ఎక్కిందా?

టీచర్: ఎంట్రీ చేసే అబ్బాయిని అడిగాను. స్క్రీన్ మీద మార్జిన్ లేదు సార్ అన్నాడు.