ఇండియానా కొలంబస్: ఊరంతా చూడదగ్గ ఊరు

సభకు నమస్కారం. ఇండియానాపోలిస్ చుట్టుపక్కల కాపురముంటున్న మనలో చాలామందికి వారాంతపు ప్రయాణమంటే ముందుగా చికాగో గుర్తుకు వస్తుంది. ఐ-65 మీద ఉత్తరానికి మూడు గంటలు పోయే బదులు, అదే రోడ్డు మీద దక్షిణానికి ముప్పావు గంట పోతే వచ్చే కొలంబస్ గురించి ఈ సాయంత్రం నాలుగు మాటలు చెబుతాను. ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది బార్తలోమ్యూ కౌంటీ కేంద్రం, జనాభా 50 వేలకు అటూ ఇటూ. అయినా 1991లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ దేశంలోని నగరాలను భవన నిర్మాణ నైపుణ్యాన్ని బట్టి వరుసపెట్టినప్పుడు, చికాగో, న్యూయార్క్ వంటి మహానగరాల వెంటనే ఆరో స్థానం ఈ ఊరికి దక్కింది.

ఇది ఎలా సాధ్యమైందో తెలియకపోతే అక్కడ చూసేదంతా విడివిడి భవనాలుగానే మిగిలిపోతుంది కనుక ముందు ఆ సంగతి చెబుతాను. మన ఊళ్ళలో అపార్ట్‌మెంట్ల జనరేటర్ల మీద కనిపించే కమిన్స్ అనే పేరు ఈ ఊరిదే. 1919లో డీజిల్ ఇంజిన్ల కంపెనీగా ఇక్కడే మొదలైంది, ఇప్పటికీ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. అందులో పనిచేసే మన ఇంజినీర్ల కుటుంబాలు కూడా ఆ ఊళ్ళో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పిల్లల సంఖ్య పెరిగి, కొత్త బడులు హడావుడిగా కట్టవలసి వచ్చిన రోజుల్లో, కంపెనీని నడుపుతున్న జె. ఇర్విన్ మిల్లర్ బడుల బోర్డు ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు: మేమిచ్చే జాబితాలోంచి ఒక మంచి ఆర్కిటెక్టును మీరే ఎంచుకోండి, ఆయన ఫీజు మా ఫౌండేషన్ కడుతుంది, కట్టుబడి ఖర్చు మాత్రం మీదే. హ్యారీ వీస్ రూపొందించిన ష్మిట్ ప్రాథమిక పాఠశాల 1957లో ఇలా వచ్చింది. తరువాత ఈ ఏర్పాటు బడులు దాటి ఫైర్ స్టేషన్ల వంటి ఇతర ప్రభుత్వ భవనాలకూ విస్తరించింది. మంచి ఇంజినీర్లు చిన్న ఊరికి రావాలంటే ఊరు బాగుండాలన్న వ్యాపారపు లెక్క ఇందులో లేకపోలేదు. అయినా తన పేరుతో ఒక పెద్ద భవనం కట్టించి ఊరుకోకుండా, ఎంపికను ఊరివారికే వదిలిన పద్ధతే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

చూడటం ఐదో వీధిలో మొదలుపెట్టండి. ఎలియెల్ సారినెన్ 1942లో పూర్తిచేసిన ఫస్ట్ క్రిస్టియన్ చర్చి అక్కడుంది. భవనానికి విడిగా, 166 అడుగుల ఎత్తున, అలంకారం పెద్దగా లేని ఇటుక గోపురం నిలబడి ఉంటుంది. లోపల శిలువను గోడకు నడిమధ్యన కాక కావాలనే ఒక పక్కకు జరిపి పెట్టారు. కాసేపు కూర్చుంటే గాని ఆ సంగతి గమనానికి రాదు. వీధికి ఎదురుగా ఐ.ఎం. పేయ్ 1969లో కట్టిన గ్రంథాలయం, దాని ముందు ఇటుకలు పరిచిన ఆవరణలో హెన్రీ మూర్ చేసిన 20 అడుగుల కంచు తోరణం ఉన్నాయి. దూరం నుంచి ఫొటో తీసుకొని పోకుండా దాని కింద నుంచి నడవండి. మనుషులు నడిచి వెళ్ళడానికే దాన్ని అంత పెద్దదిగా చేయించారు.

అక్కడికి కాలినడక దూరంలోనే ఎలియెల్ కుమారుడు ఈరో సారినెన్ 1954లో కట్టిన బ్యాంకు ఉంది. బ్యాంకంటే రాతి స్తంభాలు, ఇనుప ఊచల కౌంటర్లు అనుకునే కాలంలో ఆయన చుట్టూ అద్దాల గోడలు పెట్టి, ఊచలు తీసేసి, కప్పు మీద బోర్లించిన మూకుళ్ళ వంటి తొమ్మిది డోములు పెట్టాడు. తరువాత అది కమిన్స్ వారి సమావేశ మందిరమైంది. ఇక రాబర్ట్ వెంచురీ కట్టిన నాలుగో నంబరు ఫైర్ స్టేషన్ పెద్ద ఆడంబరం లేకుండా, ముఖాన పెద్ద 4 అంకెతో రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. పర్యాటకులు దాన్ని తరచు దాటిపోతారు. నా మట్టుకు ఊరి కథంతా అందులోనే ఉంది: పేరున్న ఆర్కిటెక్టు, మామూలు ఫైరింజన్లు, రోజూ నడిచే పని.

మిల్లర్ సొంత ఇల్లు మాత్రం టిక్కెట్టు కొని, ముందుగా బుక్ చేసుకొని, గైడు వెంట చూడవలసినది. 1957లో ఈరో సారినెన్ ఇల్లు కట్టగా, అలెగ్జాండర్ జిరార్డ్ లోపలి అలంకరణ, డాన్ కైలీ తోట చేశారు. హాల్లో నేలను చతురస్రంగా లోతుకు దించి చుట్టూ సోఫాలు అమర్చిన కూర్చునే చోటు ఉంది. దానికి చలికాలంలో ఒక రంగు దిండ్లు, వేసవిలో మరో రంగువి వేసేవారు. పర్యటనలు నడిపే సందర్శకుల కేంద్రం ఐదో వీధిలోనే ఉంది.

పిల్లలతో వెళ్ళేవారికి ఇదంతా పెద్దల వ్యవహారంలా అనిపించవచ్చు. వారికోసం వాషింగ్టన్ వీధిలో కిడ్స్‌కామన్స్ అనే పిల్లల మ్యూజియం ఉంది. అందులో పెద్ద టాయిలెట్ నమూనాలోకి దిగి, జారుకుంటూ బయటికి రావడం పిల్లలకు మహా సరదా. అదే వీధిలోని కామన్స్ భవనంలో జాఁ టాంగ్లీ అనే స్విస్ శిల్పి పాత ఇనుముతో చేసిన ‘కేయాస్ 1’ అనే భారీ యంత్రశిల్పం ఉంది, అది కదలడం మొదలెడితే పెద్దలూ నోరు తెరుస్తారు. దగ్గర్లోనే 1900లో గ్రీకు సోదరులు తెరిచిన జహారాకోస్ ఐస్‌క్రీం దుకాణం, చలువరాతి కౌంటరుతో సహా ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి పేరున్న శాండ్‌విచ్‌లో గొడ్డుమాంసం ఉంటుంది కాబట్టి మనలో కొందరు ఐస్‌క్రీంతోనే సరిపెట్టుకోవాలి.

కోర్టు ఆవరణలో 1997 నాటి సైనిక స్మారకం వద్ద తొందరపడకండి. 40 అడుగుల ఇండియానా సున్నపురాతి స్తంభాలు 25 దగ్గరదగ్గరగా నిలబెట్టి, యుద్ధాల్లో మరణించిన ఈ కౌంటీవారి పేర్లతోపాటు, వారు ఇంటికి రాసిన ఉత్తరాల్లోని మాటలను కూడా రాతి మీద చెక్కారు. అవి చదవాలంటే స్తంభాల మధ్యకు వెళ్ళి, ముఖం రాతికి దగ్గరగా పెట్టి నిలబడాలి.

అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పను. ఈరో సారినెన్ చివరి భవనాల్లో ఒకటైన నార్త్ క్రిస్టియన్ చర్చిని, 192 అడుగుల సన్నని శిఖరంతో 1964లో కట్టారు. సభ్యులు తగ్గిపోవడంతో 2022లో అక్కడ ప్రార్థనలు ఆగిపోయాయి. కట్టడం ఒకసారితో అయిపోయినా, దశాబ్దాలపాటు పైకప్పు మరమ్మతులు, చలికాలంలో లోపల వెచ్చగా ఉంచే ఖర్చు భరించవలసినది దాన్ని వాడుకునేవారే కదా! వెళ్ళినవారు దీన్ని కనీసం బయటినుంచైనా చూడాలి.

అక్టోబరులో వెళ్ళగలిగితే మంచిది. పడమరగా 46వ నంబరు రోడ్డు మీద అరగంట దాటకుండానే బ్రౌన్ కౌంటీ స్టేట్ పార్కు వస్తుంది. ఆకులు రంగు మారే ఆ రోజుల్లో శని, ఆదివారాలు అక్కడ కార్లు బారులు తీరుతాయి కాబట్టి, ఉదయం పార్కు, మధ్యాహ్నం ఊరు పెట్టుకోండి.