ఎవరికిచ్చారు?

శ్రోతలకు నమస్కారం.

మా పిన్ని వాళ్లది తెనాలి. వాళ్ల వంటింటి తలుపు పక్కన ఒక మేకు, ఆ మేకుకి ఒక తెలుగు క్యాలెండరు. అందులో తిథులూ వర్జ్యాలూ చూసుకునేది తక్కువ, లెక్కలు రాసుకునేది ఎక్కువ. పాలు రాని రోజున ఆ తేదీ గడిలో సున్న చుడుతుంది. గ్యాస్ బండ వచ్చిన రోజున ‘గ్యా’ అని రాస్తుంది. ఇస్త్రీకి ఎన్ని బట్టలు వేసిందో, ఎన్ని తిరిగొచ్చాయో అన్నీ అక్కడే. ఈ క్యాలెండరుని కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఒక ఉగాదికి ముందు మాట. పిన్నికి మణికట్టు నొప్పి మొదలైంది, రుబ్బురోలు దగ్గర కూర్చోలేకపోతోంది. మిక్సీలో వేసింది గారెల పిండే కాదంటుంది ఆవిడ. ఆ విషయంలో నేనూ ఆవిడ పక్షమే. సరే, ఫోన్లో చూసి ఒక చిన్న గ్రైండరు ఆర్డరు పెట్టింది. 4,350 రూపాయలు. ముందే కట్టేసింది.

మార్చి 6, మధ్యాహ్నం పన్నెండున్నర. ఫోన్ టింగుమంది. మీ పార్సిల్ అందజేశాం, మా సేవ ఎలా ఉందో చెప్పండి అని. ఆ వేళకి పిన్ని మేడ మీద వడియాలు పెడుతోంది. బాబాయ్ వరండాలో పేపరు చదువుతున్నాడు. గేటు చప్పుడు లేదు, పిలిచినవాళ్లు లేరు, పార్సిల్ లేదు.

ఇక అందరం చేసే పనే వాళ్లూ చేశారు. ఫోన్లు. రాలేదమ్మా అని ఒకసారి, రాలేదు బాబూ అని ఇంకోసారి, రాలేదండీ అని మూడోసారి. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదట్నించి. చివరికి అందరిదీ ఒకటే జవాబు: ‘మా రికార్డులో డెలివరీ అయినట్టే ఉంది మేడం.’

మూడో రోజు బాబాయ్‌కి ఓపిక పోయింది. ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతికాడు. పైనే ఒక నంబరు కనబడింది, కొట్టాడు. అవతలివాడు చక్కని తెలుగులో ‘అయ్యో అంకుల్, పది నిమిషాల్లో రిఫండ్ వేయిస్తాను’ అన్నాడు. మూడు రోజుల్లో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి వాడే! వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ను నొక్కండి అన్నాడు. బాబాయ్ స్కాన్ కూడా చేశాడు. ఆయన చేతిలోంచి పిన్ని ఫోన్ లాక్కుంది. ‘డబ్బులు మనకి రావాలంటే మన పిన్నెందుకండీ?’ అంది.

ఈ ముక్క ఇంకోసారి చెబుతాను. డబ్బులు మనకి రావాలంటే మన పిన్నుతో పనిలేదు. యూపీఐలో డబ్బు లావాదేవీకి పిన్ను అడిగిందంటే మన ఖాతాలోంచి డబ్బు బయటికి పోతోందనే అర్థం. నంబరు కావాలంటే ఆర్డరు పెట్టిన ఆ యాప్‌లోనే వెతకండి, గూగుల్లో వద్దు. పొరపాటున పోయిందా, సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అది సైబర్ నేరాల నంబరు. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆ సాయంత్రం పిన్ని నాకు ఫోన్ చేసింది. ‘ఒరేయ్ నాన్నా, వస్తువు రాలేదని ఎన్నిసార్లు చెప్పాలిరా వీళ్లకి?’ అంది. అప్పుడు నాకు తట్టింది. మనం చెప్పడమే తప్పుగా చెబుతున్నాం. రాలేదు అంటే, రాని వస్తువుకి సాక్ష్యం ఎక్కణ్నించి తెస్తాం? ఖాళీ వరండా ఫోటో తీసి పంపుతామా? ఇచ్చాను అంటున్నది వాళ్లు. ఇచ్చిన గుర్తు వాళ్ల దగ్గరే ఉండాలి. కాబట్టి రాలేదు అనడం మానేసి అడగాలి: ఎవరికిచ్చారు?

ఇద్దరం కూర్చుని మెయిల్ రాశాం. చదువుతాను, చిన్నదే. ‘ఫలానా నంబరు ఆర్డరు మార్చి 6న మధ్యాహ్నం పన్నెండున్నరకి అందజేశామని మెసేజ్ పంపారు. ఎవరికిచ్చారో, ఏ చిరునామాలో ఇచ్చారో, ఇచ్చినట్టు సంతకమో ఫోటోయో ఏముందో పంపండి. లేకపోతే మార్చి 16 లోపల నా 4,350 రూపాయలు నా ఖాతాకి తిప్పి వెయ్యండి.’ అంతే. తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. పిన్నికి ఒకటి రెండు చేర్చాలనే ఉంది, నేనే వద్దన్నాను.

దీన్ని కస్టమర్ కేర్‌కి కాదు, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపాం. 2020 జులైలో ఆన్‌లైన్ అమ్మకాలకి కేంద్రం కొన్ని నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఇలా అమ్మే ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే ఒక అధికారిని పెట్టుకోవాలి, ఆయన పేరూ వివరాలూ తమ సైట్లో కనబడేలా ఉంచాలి. మన ఫిర్యాదు అందిందని ఆయన 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. కనబడేలా అన్నారు గానీ, చాలా యాప్‌లలో అది అట్టడుగున చీమంత అక్షరాల్లో ఉంటుంది. ఓపిగ్గా కిందికి జరుపుకుంటూ వెళ్లాలి.

మర్నాడే అందిందని జవాబు వచ్చింది. 13వ తేదీన ఒక ఫోటో వచ్చింది. ‘ఇదిగో మేడం, మీ గుమ్మంలో పెట్టాం’ అని. నేను చూస్తే ఏమీ తేల్చుకోలేకపోయాను. తలుపు, తలుపు ముందు అట్టపెట్టె. ఎవరి తలుపైనా కావచ్చు. పిన్ని మాత్రం కళ్లజోడు పెట్టుకుని ఒక్కసారి చూసి, ‘గడపేదిరా?’ అంది.

నిజమే. ఫోటోలో గడపే లేదు. లోపల్నించి బయటిదాకా ఒకటే పలక టైల్స్. మా పిన్ని ఇంటికి చెక్క గడప. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప. అరిగి నడుమ కాస్త గుంట పడిన గడప. అప్పుడే పోయి తన గుమ్మం ఫోటో తీసింది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, కింద ఒకే వాక్యం రాశాం: ‘ఇది మా గుమ్మం కాదు. ఎవరికిచ్చారు?’

దీనికి జవాబు రాలేదు. గడువు రోజు, 16న, పిన్ని 1915కి ఫోన్ చేసింది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తేదీలు అడిగారు. ఎప్పుడు ఆర్డరు పెట్టారు, ఎప్పుడు మెసేజ్ వచ్చింది, ఎవరికి ఏ రోజు ఫోన్ చేశారు? పిన్ని నేరుగా వంటింట్లోకి నడిచి, క్యాలెండరు ముందు నిలబడి చదివింది. ఆరో తేదీ గడిలో ‘గ్రై రాలా’. ఏడులో ‘ఫోన్ 2’. ఎనిమిదిలో ‘ఫోన్ 1, దొంగ’. తొమ్మిదిలో ‘మెయిలు’. పాల సున్నల పక్కనే అన్నీ వరసగా ఉన్నాయి. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, అదీ గడిలోకి ఎక్కింది.

1915 కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. మన ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. మా విషయంలో అదే సరిపోయింది. 24న డబ్బు ఖాతాలో పడింది. కారణమేమీ చెప్పలేదు, క్షమించమనీ అనలేదు.

పడకపోతే ఏం చేసేవాళ్లం? గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో కూడా వెయ్యొచ్చు. రెండేళ్లలోపు వెయ్యాలి. కాస్త ఆలస్యమవుతుంది, అది దాచను. అయినా రాతలో తేదీలతో సహా అన్నీ ఉన్నవాడికి అక్కడ సగం పని అయిపోయినట్టే.

ఇన్‌స్టాగ్రామ్ చీరల సంగతి అడుగుతారని తెలుసు. చట్టం వాళ్లకీ వర్తిస్తుంది, కానీ పేజీ మూసేసి పోయినవాణ్ని ఎవరికిచ్చావని ఎక్కడ అడుగుతాం? మంచి నేతగాళ్లూ అక్కడ అమ్ముతున్నారు, అందర్నీ ఒకే గాటన కట్టను. తెలియని చోట సరుకు వచ్చాక డబ్బు ఇవ్వండి. అది కుదరదంటే కార్డుతో కట్టండి. వస్తువు రాలేదని బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడిగే దారి కార్డుకి ఉంది. యూపీఐలో మనమే పిన్ను నొక్కి పంపిన డబ్బుకి అంత సులువు దారి లేదు.

ఇంకొక్క మాట, టైమైపోతోంది. డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి, ‘ఓటీపీ చెప్పండమ్మా, సాయంత్రం తెచ్చిస్తా’ అంటాడు. పాపం, ఆ ఎండలో తిరిగే పిల్లాడు, మనకీ జాలేస్తుంది. మంచినీళ్లివ్వండి, మజ్జిగివ్వండి. పెట్టె చేతికొచ్చేదాకా ఓటీపీ మాత్రం ఇవ్వకండి. ఇచ్చారంటే, ఎవరికిచ్చారు అన్న ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు తయారైపోతుంది: మీకే.

గ్రైండరంటారా? వచ్చిన డబ్బుకి ఇంకో మూడొందలు కలిపి బోసు రోడ్డులో ఒక కొట్లో కొనుక్కుంది పిన్ని. అక్కడే ప్లగ్గు పెట్టించి, తిప్పించి చూసి, ఆటోలో తన ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ఉగాదికి గారెలు తిన్నాను. బిల్లు క్యాలెండరు వెనక అదే మేకుకి వేలాడుతోంది.

నమస్కారం.