డ్రమ్ము లోపలి అంకె: ఆటోనగర్‌లో బాబాయ్‌తో పాత బ్రేకు సామాను కబుర్లు

హోస్ట్: నమస్కారమండీ. ఈ ఎపిసోడ్ విజయవాడ ఆటోనగర్ నుంచి. వెనకాల లేత్ చప్పుడు వినిపిస్తుంటుంది, కాస్త సర్దుకోండి. పక్కన మా బాబాయ్ ఉన్నాడు. పికప్ బళ్ల బ్రేకుల పని చేస్తాడు. నేను సొంత పికప్‌లో గుంటూరు యార్డుకి మిర్చి తోలుతుంటాను. పోయిన నెల తిరువూరు వైపు నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకుని వస్తున్నా. వారధి దిగేచోట ముందున్న బస్సు ఆగింది. పెడల్ తొక్కితే సగం దాకా ఖాళీగా దిగిపోయింది. మళ్లీ తొక్కాను, అప్పుడు పట్టింది. బస్సుకీ నాకూ మధ్య జానెడు కూడా లేదు బాబాయ్. ఇంటికెళ్లాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బాబాయ్: ఫోన్లో నీ గొంతు వినగానే నాకూ టెన్షన్ వచ్చింది రా. రెండో తొక్కుడికి పట్టిందన్నావు చూడు, అక్కడే దొరికింది నాకు. బ్రేకు ఆయిల్ లైన్లో గాలి ఉన్నా అలాగే అవుతుంది, అందుకే ముందు గాలి తీసి చూశాం. అయినా పెడల్ అలాగే ఉంది. అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకీ, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే లైనరుకీ మధ్య సందు ఎక్కువైంది. మొదటి తొక్కుడంతా ఆ సందు పూడ్చడానికే పోతోంది.

హోస్ట్: వెనక ఎడమ చక్రానికి అంతకు రెండు వారాల ముందే పాత డ్రమ్ము కొని వేయించాను. బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి, చక్రం తిరిగింది. ఇంకేం చూడాలో నాకు తెలియలేదు.

బాబాయ్: బోల్టు కూర్చుంటే సామాను కుదిరినట్టు కాదు. ఆ డ్రమ్ము విప్పాక ఏం చేశామో వీళ్లకి చెప్పు.

హోస్ట్: దాని మీద నల్లరంగు నిగనిగలాడుతోంది. బాబాయ్ తీగ బ్రష్షుతో రుద్దాడు, కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. అంచు దగ్గర పోతపోసిన అక్షరాలు బయటపడ్డాయి. మ్యాక్స్ అని ఉంది, పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె.

బాబాయ్: అదే హద్దు. లోపలి వ్యాసం అరిగినా, లేత్ మీద కోత పెట్టినా ఆ అంకె దాటకూడదు. కొలతలు తీసే చిన్న వెర్నియర్‌కి డ్రమ్ము అందదు, లేత్ షాపులో పెద్దది ఉంటుంది. అంచున అరగని గట్టు మిగులుతుంది, కొలత దాని మీద తీస్తే అబద్ధం చెబుతుంది. లోపల లైనరు రాసుకునేచోటే తీయాలి. మనది హద్దు కన్నా మిల్లీమీటరున్నర ఎక్కువొచ్చింది. ఎవరో కోత మీద కోత పెట్టి, రంగేసి అమ్మేశారు. డిస్కుకైతే లెక్క తిరగబడుతుంది, దాని మీద కనీస మందం ఉంటుంది. అంతకన్నా పలచబడితే అది తూకానికే.

హోస్ట్: మరి కొనేటప్పుడు అసలు ఎలా చూసుకోవాలి?

బాబాయ్: బండి పేరు చెప్పి అడగొద్దు. బొలెరో పికప్పే తీసుకో, 1.3 టన్నులది ఉంది, 1.7 టన్నులది ఉంది. పేరు ఒకటే కదా అని సామాను కూడా ఒకటే అనుకుంటే ఎలా? ఆర్సీలో 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది. కంపెనీ స్పేర్ల కౌంటర్లో అది ఇస్తే పార్ట్ నంబరు చెబుతారు. విప్పిన పాత సామాను సంచిలో వేసుకుని వెళ్లు. బోల్టు రంధ్రాలు, నడిమి రంధ్రం, లోతు, లైనరు వెడల్పు పక్కపక్కన పెట్టి చూసుకో. తర్వాత డ్రమ్ముని తాడుకి వేలాడదీసి చిన్న స్పానరుతో తట్టు. గుడిగంటలా మోగితే మంచిదే, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. నీలం మచ్చలుంటే బాగా కాగిందని అర్థం, అదీ వద్దు.

హోస్ట్: మరి డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్లు?

బాబాయ్: ఎడమ, కుడి చూసుకోవాలి. గాలి తీసే నిపిల్ పైకి ఉండాలి. తారుమారైతే నిపిల్ కిందికొస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది, ఎంత తొక్కినా పెడల్ స్పాంజిలా ఉంటుంది. పిస్టన్ బయటికి లాగించి చూడు. తుప్పు గుంటలుంటే వదిలెయ్. బాగుంటే కొను, కానీ రబ్బరు కిట్ మాత్రం కొత్తది వెయ్యి.

హోస్ట్: అసలు పాతవి కొననే కూడనివి?

బాబాయ్: ఇనుము పాతది కొనొచ్చు, రబ్బరు కొనకూడదు. లైనర్లు, ప్యాడ్లు, రబ్బరు పైపులు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. పైపు పైకి బాగానే కనిపిస్తుంది. లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు, చక్రం పట్టేసి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ కూడా నేను పాతది బిగించను. దాని బోరు, అంటే లోపలి వ్యాసం, పెద్దదైతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, చిన్నదైతే కిందిదాకా దిగుతుంది.

హోస్ట్: మన వాళ్లు ఎక్కువ లోడు కోసం వెనక స్ప్రింగు పట్టీలు పెంచుతారు కదా. దానికీ బ్రేకుకీ సంబంధం ఉందా?

బాబాయ్: బాగా అడిగావు, ఇది చాలామందికి తెలియదు. చాలా పికప్‌లకి వెనక ఇరుసు దగ్గర లోడుని బట్టి పనిచేసే వాల్వు ఉంటుంది. బాడీ ఎంత కిందికి దిగితే వెనక బ్రేకుకి అంత ఒత్తిడి పంపుతుంది. పట్టీలు పెంచితే బాడీ దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు ఒత్తిడి తగ్గించేస్తుంది. ముందు బ్రేకుల మీదే భారమంతా పడుతుంది. నువ్వు కొత్త డ్రమ్ములు వేసినా ఉపయోగం ఉండదు. పట్టీలు పెంచినవాళ్లు వాల్వు సెట్టింగు తప్పకుండా చూపించుకోవాలి.

హోస్ట్: బ్రేకు ఆయిల్ సంగతి?

బాబాయ్: బండిలో ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం రాసుంటే అదే. డాట్ 4 రకం అనుకో, కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 155కే మరగొచ్చు. అందుకే సీలు తీసి పక్కన పెట్టిన సీసా వాడను. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు. మన బళ్లకి చాలావరకు అది వెనక ఎడమది.

హోస్ట్: కుడివైపు డ్రమ్ము ఇంకా మార్చలేదు బాబాయ్.

బాబాయ్: ఒకవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది రా. రేపు లోడు ఎత్తకు. పొద్దున్నే రా, కుడిది విప్పి కొలుద్దాం.